పంచుకున్న కొద్దీ పెరిగిన పాట

1994లో లండన్‌లో ఒక నాటకరంగ పత్రికలో చిన్న ప్రకటన పడింది. పాడగలిగి, ఆడగలిగి, జనం ముందు బెరుకు లేకుండా నిలబడగలిగిన పద్దెనిమిది నుంచి ఇరవై మూడేళ్ల అమ్మాయిలు కావాలని. వచ్చినవాళ్లను ఏరి, మధ్యలో మనుషుల్ని మార్చి, చివరికి అయిదుగురిని తేల్చారు. వాళ్లే స్పైస్ గర్ల్స్. 1996లో ‘వానాబీ’ పాటతో ప్రపంచమంతా మోగిపోయారు. 1998లో ఒకామె జట్టు విడిచి వెళ్లింది. 2000 దాటేసరికి ఎవరి దారి వాళ్లదయింది. అంతకు ముందు తరంలో బీటిల్స్ కథా ఇలాంటిదే. 1960లో కట్టిన జట్టు 1970కల్లా చెదిరింది. ఇంగ్లండులో ఇలాంటి పాటల జట్టు చరిత్ర రాసే ఎవరైనా చివరి అధ్యాయానికి ‘విడిపోవడం’ అనే పేరు పెట్టక తప్పదు.

మన కడప జిల్లాలో పుట్టిన ఒక జట్టు చరిత్ర రాయాలంటే ఆ అధ్యాయం మొదట్లోనే పెట్టాలి. విడిపోవడంతోనే అది పెరిగింది. ఒకటి రెండై, రెండు నాలుగై, ఒక దశలో ముప్పై పైచిలుకు సమాజాలుగా తెలుగు నేలంతా పరుచుకుంది. ప్రకటన ఇచ్చి మనుషుల్ని తెచ్చుకోవలసిన అవసరం దానికి రాలేదు. కావలసిన వాళ్లు ఇంట్లోనే పుట్టేవాళ్లు. 1885లో మొదలైన ఆ జట్టు పేరు సురభి.

ఊరు ఎక్కడో కాదు. పులివెందుల నుంచి వేంపల్లెకు వచ్చి, పాపాఘ్ని ఒడ్డున గండి ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని రాయచోటి దారి పడితే చక్రాయపేట మండలం వస్తుంది. సురభి ఆ మండలంలోదే. పాత పేరు సొరుగు. ప్రొద్దుటూరు వాళ్లు ఎర్రగుంట్ల మీదుగా, జమ్మలమడుగు వాళ్లు ముద్దనూరు, పులివెందుల మీదుగా బయల్దేరితే పూట లోపల చూసి రావచ్చు. గండికి ఏటా శ్రావణమాసంలో పోయేవాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్లలో ఎందరు అటు తిరిగి చూస్తారో చెప్పలేం. హైదరాబాదులో సురభి నాటకం చూసి మురిసిపోయిన మనవాళ్లకు కూడా అది తమ జిల్లా ఊరి పేరని చెబితే ‘అవునా’ అని ఆశ్చర్యపోవడం మామూలే.

తెర వెనక నుంచి ముందుకు

సురభి నాటకానికి మూలమైన వనారస వారు మరాఠా ప్రాంతం నుంచి ఏనాడో వలస వచ్చిన కుటుంబాలకు చెందినవాళ్లు. వృత్తి తోలుబొమ్మలాట. ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ, ఊళ్లో పాడేది తెలుగు. 1885లో సురభిలో ఒక పెళ్లి సందర్భంగా, ఎప్పుడూ బొమ్మలేనా, ఈసారి మనుషులతో ఆడించి చూపమని ఊరి పెద్దలు కోరారు. వనారస గోవిందరావు, చిన్నరామయ్య కలిసి ‘కీచకవధ’ ఆడారు. అక్కడే మొదలు.

ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది ‘బొమ్మలాట వాళ్లు హఠాత్తుగా నటులైపోయారు’ అన్నట్టు చెబుతారు. హఠాత్తుగా ఏమీ జరగలేదు. తోలుబొమ్మలాటలో తెల్లగుడ్డ వెనక ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. దీపం ముందు బొమ్మ ఆడుతుంటుంది. దాన్ని ఆడించే మనిషే భీముడి గొంతూ పెడతాడు, కీచకుడి గొంతూ పెడతాడు. పక్కన ఆడవాళ్లు ద్రౌపది మాట అందుకుంటారు. బొమ్మ అడుగేసినప్పుడల్లా కాలికింద చెక్కను టపటప తొక్కి యుద్ధం చప్పుడు తెస్తారు. పద్యం, దరువు, తాళం, మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్కల హాస్యం అన్నీ కలిపి తెల్లవార్లూ నడిపిస్తారు. అంటే భారతం మొత్తం నోటికి వచ్చిన, ఏ గొంతైనా పలికించగల గాయకుల జట్టు అప్పటికే తయారై ఉంది. ఇన్నాళ్లూ బొమ్మ వెనక దాగిన గొంతు ఆ రాత్రి మొహానికి రంగు పూసుకుని ముందుకు వచ్చింది. అంతవరకే జరిగింది.

అదే కాలంలో తెలుగు నాటకం ఇంకోచోట ఇంకోరకంగా కళ్లు తెరుస్తోంది. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు నాటకం ఆడించారు. ధార్వాడ నుంచి వచ్చిన నాటక కంపెనీలు ఊరూరా తిరిగి జనానికి రుచి మప్పాయి. 1887లో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘చిత్రనళీయం’ ఆడి, పాత్రధారి తానే పద్యం పాడే పద్ధతికి ఊపు తెచ్చారు. ఆయన వకీలు. కోలాచలం శ్రీనివాసరావూ వకీలే, తర్వాత వచ్చిన బళ్లారి రాఘవా వకీలే. కోర్టు లేని రోజున నాటకం వాళ్లకు గౌరవం, వ్యసనం కూడా. సురభి వాళ్లకు అలా కాదు. ఆ పూట టికెట్లు తెగితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. తెలుగు నాటక చరిత్రల్లో వకీళ్లకు పేజీలకు పేజీలు దక్కి, సురభికి చాలాకాలం ఒక పేరా చాలనిపించడానికి ఈ తేడాయే కారణమని నా అనుమానం. కూటి కోసం ఆడేవాణ్ని కళాకారుడనడానికి మన పండితులకు నోరు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆడవేషం ఆడవాళ్లకే

అప్పట్లో సత్యభామైనా, చంద్రమతైనా మీసం గీసుకున్న మగవాడే కట్టాలి. పెద్దింటి ఆడవాళ్లు రంగం ఎక్కితే పరువు పోతుందనుకునే రోజులు. స్త్రీ పాత్ర స్త్రీయే వేయాలని బళ్లారి రాఘవ లాంటి మహానటుడు పట్టుబట్టి పోరాడవలసి వచ్చింది. సురభికి ఈ పోరాటంతో పని పడలేదు. కుటుంబమే కంపెనీ కాబట్టి భార్య, చెల్లెలు, కోడలు, కూతురు అందరూ వేషం కట్టారు. సిద్ధాంతం ఏదీ చెప్పకుండానే, రెక్కలన్నీ కదిలితేనే పూట గడుస్తుందన్న లెక్కతో వాళ్లు చేసిన పని అది. లెక్క ఏదైనా, మనకు దక్కింది మాత్రం అసలైన ఆడగొంతు.

ఆ గొంతు విలువ తెలియాలంటే పద్యనాటకం లోపలికి కొంచెం వెళ్లాలి. హార్మోనియం ముందు కూర్చున్న మనిషికి ఒక్కో నటుడి శ్రుతి కంఠతా ఉండాలి. ఒకరు వెళ్లి ఒకరు రాగానే వేళ్లు తావు మార్చుకోవాలి. పద్యం చివరి పాదం దగ్గర నటుడు రాగం ఎత్తుకుని ఊపిరి ఉన్నంత సేపు లాగుతాడు. హార్మోనియం ఆ గొంతును వెంటాడుతుంది తప్ప మించిపోకూడదు. కింద నేల మీద కూర్చున్న జనం ‘వన్స్ మోర్’ అని అరిస్తే, యుద్ధానికి బయల్దేరిన అర్జునుడైనా ఆగి, మళ్లీ మొదటి నుంచి పద్యం అందుకోవలసిందే. చచ్చిపోయిన పాత్ర లేచి మళ్లీ పాడి మళ్లీ చచ్చిపోయిన ముచ్చట్లు మన ఊళ్లలో ఎన్ని లేవు!

సురభి పిల్లలకు ఈ చదువు ఉయ్యాల్లోనే మొదలవుతుంది. ఎత్తుకునే వయసులో బాలకృష్ణుడు. మాటలు రాగానే లోహితాస్యుడు. పద్యం పలకగానే ప్రహ్లాదుడు, లవుడు, కుశుడు. గొంతు మారే వయసులో మగపిల్లాడికి కష్టకాలం. నిన్నటి దాకా ‘వన్స్ మోర్’ అనిపించుకున్నవాడు తెరతాడు లాగుతూ, కొత్త గొంతు నిలదొక్కుకునే దాకా కాచుకోవాలి. తర్వాత కృష్ణుడో, అభిమన్యుడో అవుతాడు. వయసు మీదపడ్డాక ధృతరాష్ట్రుడు. ఆడపిల్ల శశిరేఖగా మొదలై రేవతిగా, యశోదగా ముగుస్తుంది. పదవీ విరమణ అనే మాటే లేదు. గొంతు పోయినవాళ్లకు కూడా తెరలకు రంగులేసే పని, కిరీటాలకు తళుకులు అంటించే పని, అందరికీ వంట చేసే పని ఉండనే ఉంటుంది.

నాటకం మొదలయ్యే ముందు తెర వెనక అందరూ కలిసి ప్రార్థన పాడతారు. రంగు పూసుకున్న రాక్షసుడు, గద పట్టుకున్న భీముడు, చంకలో బిడ్డతో ద్రౌపది, చేతికి మసి అంటిన తెరతాడు మనిషి ఒకే శ్రుతిలో నిలబడతారు. పాప్ సంగీతం వాళ్లు స్టూడియోలో గొంతులు పొరలు పొరలుగా కలుపుతారని వింటాం. ఇక్కడ తాత గొంతు కింద కొడుకు గొంతు, దాని మీద మనవరాలి గొంతు దానంతటదే కలుస్తుంది. ఒకే రక్తం కాబట్టి పలుకులో పోలిక ఉంటుంది. అందుకేనేమో, ఎక్కడా అతుకు కనపడదు.

రంగం మీదే పుట్టిన నాయిక

సురభి కమలాబాయి పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులు వచ్చాయట. రంగం మీదే బిడ్డ పుట్టిందట. చూసేవాళ్లు అదీ నాటకంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారట. కథలో ఎంత కలిపారో ఏమో కానీ, ఆ బిడ్డ తర్వాత చేసిన పనికి ఈ పుట్టుక సరిగ్గా అతికింది.

1931లో బొంబాయిలో తొలి తెలుగు టాకీ తీయడానికి దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి పూనుకున్నప్పుడు సమస్య ఒక్కటే. బొమ్మ మాట్లాడాలి, పాడాలి. వెనక నుంచి వేరేవాళ్లు పాడి అతికించే సదుపాయం అప్పటికి లేదు. మైకు ముందు నిలబడి నటిస్తూనే పాడాలి. అలా పాడగలిగే వాళ్లు ఎక్కడ దొరుకుతారు? సురభిలో దొరికారు. సురభి వాళ్లు ఆడుతున్న ధర్మవరం వారి ‘భక్త ప్రహ్లాద’ నాటకమే సినిమా అయింది. లీలావతిగా కమలాబాయి తెలుగు తెర తొలి కథానాయిక అయింది. 1932 ఫిబ్రవరి 6న ఆ సినిమా విడుదలైంది. ఆ తర్వాత ‘పాదుకా పట్టాభిషేకం’, ‘శకుంతల’ వచ్చాయి. చాలా ఏళ్లకు 1951లో ‘పాతాళ భైరవి’లో ఎన్టీ రామారావు తోటరాముడైతే, ఆయన తల్లిగా కనిపించింది కూడా కమలాబాయే. ఈసారి టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడు ఆ ముసలమ్మ మాట తీరు కాస్త చెవి పెట్టి వినండి. మైకులు లేని రోజుల్లో ఆఖరి వరసకు వినపడేలా సాధన చేసిన గొంతు అది.

సినిమాకు తొలి గొంతు అందించిన ఇంటికే సినిమా ఎసరు పెట్టింది. ఊరూరా టాకీసులు వెలిశాయి. నాటకానికి నెలల తరబడి డేరా వేసుకుని, రోజుకో నాటకం మార్చి ఆడే సమాజాలకు జనం పలచబడ్డారు. సురభి వాళ్లు ఊరుకోలేదు. సినిమా గుడ్డ మీద చూపిన మాయను కళ్లెదుట చేసి చూపడం మొదలుపెట్టారు. ‘మాయాబజార్’, ‘పాతాళ భైరవి’ వాళ్లకు అన్నం పెట్టింది అందుకే. మబ్బుల్లోంచి నారదుడు దిగుతాడు. రెండు వైపుల నుంచి వచ్చిన బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలుస్తాయి. దర్బారు తెర పైకి చుట్టుకుపోగానే అడవి తెర, అది లేవగానే ఉద్యానవనం. కంప్యూటరు లేదు, మోటారు లేదు. కప్పీలు, తాళ్లు, కంటికి ఆనని తీగలు, చీకట్లో ఊపిరి బిగబట్టి పాట తాళానికి తాడు లాగే మనుషులు. లాగే చెయ్యి ఒక్క మాత్ర వెనకబడితే ఘటోత్కచుడు నవ్వులపాలవుతాడు.

పంపకాల లెక్క

ఇక అసలు సంగతికి వద్దాం. ఇన్నేళ్లు ఎలా నిలిచింది?

గోవిందరావు సంతానం పెద్దది. పిల్లలు పెరిగి పెళ్లిళ్లయి, వాళ్లకూ పిల్లలు పుట్టాక, ఒకే సమాజంలో అందరికీ వేషాలు సరిపోవు. నాయకుడి వేషం ఒకటే, కట్టాలనుకునే వాళ్లు ఎందరో. లండన్ జట్టులోనైతే ఇక్కడే అలకలు, వకీలు నోటీసులు. మన ఉమ్మడి కుటుంబంలో పొలం పంచుకున్నట్టు వీళ్లు నాటకాన్ని పంచుకున్నారు. ఒక కొడుకు కుటుంబమో, అల్లుడి కుటుంబమో విడివడి ఇంకో జిల్లాకు వెళ్లి కొత్త సమాజం పెట్టుకుంటుంది. కొత్త తెరలు కావాలి, కొత్త హార్మోనియం కావాలి. నటుల్ని మాత్రం వెతుక్కోనక్కర్లేదు. నాటకాలన్నీ అందరికీ నోటికి వచ్చినవే కాబట్టి ఒక సమాజంలో భీముడికి జ్వరం వస్తే పక్క సమాజం నుంచి చుట్టం వచ్చి ఆ రాత్రికి గద పట్టుకోగలడు. పెళ్లి సంబంధాలు కూడా ఈ ఇళ్ల మధ్యనే. వచ్చిన కోడలికి అత్తింటి నాటకం కొత్తగా నేర్పాల్సిన పని ఉండదు.

అలా విడివడ్డ వాటిలో ఒకటి 1937లో ఉత్తరాంధ్రలో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి. చక్రాయపేట మండలం ఎక్కడ, ఉత్తరాంధ్ర ఎక్కడ! కడప జిల్లా విత్తనం ఆ చివర దాకా వెళ్లి మొలిచింది. ఆ మండలిని తర్వాత నడిపిన రేకందార్ నాగేశ్వరరావును ‘బాబ్జీ’ అంటేనే జనం గుర్తుపడతారు. మిగతా సమాజాలు ఒక్కొక్కటే తెరలు చుట్టి అటకెక్కించిన కాలంలో ఆయన పట్టు వదల్లేదు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం వేదికగా ఆడి, నగరం జనానికి మళ్లీ సురభిని అలవాటు చేశారు. 1990ల్లో కన్నడ రంగస్థల దిగ్గజం బి.వి. కారంత్ వచ్చి ఈ కుటుంబంతో కలిసి పనిచేశారు. ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీదేవత యాదమ్మ’ ఆ స్నేహంలో పుట్టాయి. చివరిది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకానికి తెలుగు రూపం. పౌరాణికాలు తప్ప వీళ్లకేం వచ్చు అన్నవాళ్లకు అది జవాబు. సురభి ఫ్రాన్స్‌కు కూడా వెళ్లి తెరలు దించి వచ్చింది. 2013లో బాబ్జీకి పద్మశ్రీ దక్కింది. 2022లో ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు ముప్పై పైచిలుకు సమాజాల్లో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో చాలా కుటుంబాలు స్థిరపడ్డాయి. పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఎవరు తప్పు పట్టగలరు? ఒకప్పుడు కుటుంబం చీలితే కొత్త సమాజం పుట్టేది. ఇప్పుడు చీలితే ఒక ఉద్యోగి పుడుతున్నాడు. పద్ధతి అదే, ఫలితమే మారింది. ఒక్క సాయంత్రం ఆటకు కూడా పదుల మంది మనుషులు, లారీల కొద్దీ సామాను కావాలి. టికెట్ డబ్బుతో అది గిట్టే పని కాదు. ప్రభుత్వాల సాయం మీద, పండుగ పిలుపుల మీద నెట్టుకొస్తున్నారు.

మన మూడు ఊళ్ల సంగతి

ఇదంతా చదివి, పద్యం మన వైపు చచ్చిపోయిందని అనుకోకండి. జమ్మలమడుగు చుట్టుపక్కల తిరునాళ్లలో ఈనాటికీ తెల్లవార్లూ ‘కురుక్షేత్రం’, ‘సత్యహరిశ్చంద్ర’ ఆడుతూనే ఉన్నారు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఒకే నాటకానికి ఇద్దరు ముగ్గుర్ని పిలిపించుకుని, ఎవరి రాగం పొడుగో పోల్చుకుని, నచ్చినవాడికి మైకులో చదివింపులు చదివిస్తారు. కవి పుట్టపర్తి నారాయణాచార్యులు తన కావ్యంలో శివుణ్ని తెలుగు లయలో ఆడించింది మన ప్రొద్దుటూరులోనే. ఈ నేలకు చెవి ఉంది.

కానీ ఈ తిరునాళ్ల నాటకం వేరు, సురభి వేరు. తిరునాళ్లలో ఆ రాత్రికి ఒక ఊరి నుంచి అర్జునుడు, ఇంకో ఊరి నుంచి ద్రౌపది, మరో ఊరి నుంచి హార్మోనిస్టు వచ్చి, చాలాసార్లు రంగం మీదే ఒకరినొకరు పలకరించుకుంటారు. గొప్ప గొంతులే. ఎవరికి వాళ్లు పాడి వెళ్లిపోతారు. స్పైస్ గర్ల్స్‌ని ఏరినట్టు ఏరిన జట్టు అది. సురభిలో పక్కవాడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో పుట్టినప్పటి నుంచి తెలుసు. ఆ తేడా ఒక్కసారి పక్కపక్కన చూస్తే మన పిల్లలకు ఎవరూ వివరించనక్కర్లేదు.

ప్రొద్దుటూరు దసరా అంటే రాష్ట్రమంతా చెప్పుకుంటారు. అమ్మవారి అలంకారాలకు, ఊరేగింపులకు, విద్యుద్దీపాలకు పెట్టే ఖర్చు అందరికీ తెలిసిందే. సినిమా పాటల ఆర్కెస్ట్రాలకూ కొదవ లేదు. నిర్వాహకులకు ఒక మనవి. సురభిని ఒక్క రాత్రికి పిలవకండి. అన్ని తెరలు, అంత సామాను దించి, కట్టి, మర్నాడు విప్పుకుని పోవడం వాళ్లకూ గిట్టదు, మీకూ గిట్టదు. ప్రొద్దుటూరులో నాలుగు రోజులు, జమ్మలమడుగులో మూడు, పులివెందులలో మూడు చొప్పున మూడు ఊళ్ల వాళ్లు కలిసి మాట్లాడుకుంటే పది రోజుల మకాం అవుతుంది, లారీ కిరాయి పంచుకోవచ్చు. ఉచితం పెట్టకండి, టికెట్ పెట్టండి. తరతరాలుగా వాళ్లు ఎక్కువగా ఆడింది టికెట్ మీదే. బడిపిల్లలకు పగటి ఆట ఒకటి వేయించండి. వీలైతే చివరి రాత్రి ఆట చక్రాయపేట మండలంలో, సమాజానికి పేరిచ్చిన సురభి ఊళ్లోనే పెట్టించండి. ఖర్చుకు చందా అడిగితే ఇవ్వడానికి ఈ జిల్లాలో చేతులు చాలానే ఉన్నాయి. అడగవలసిన వాళ్లు దసరాకు మూడు నెలల ముందే అడగాలి.